అరవడమూ మా ఉద్యోగమే

(కావలిలో ఒక డిగ్రీ కాలేజీ సెమినార్ హాల్లో, విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రుల ముందు, క్యాబిన్ క్రూకు, అంటే విమానంలో ప్రయాణికులను చూసుకునే సిబ్బందికి, శిక్షకురాలిగా పనిచేసి రిటైరైన ఒకావిడ చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాం. మధ్యలో కరెంటు పోయినప్పటి మాటలు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. మైకు కొంచెం దూరం జరుపుకుంటున్నాను. ఎందుకో ఇంకో నిమిషంలో మీకే తెలుస్తుంది.

ఇందాక మెట్లెక్కుతుంటే ఒకమ్మాయి అడిగింది, "మేడమ్, విమానం కూలిపోతుంటే మీరేం చేస్తారు?" అని. పక్కనున్న లెక్చరర్ గారు కసిరారు, అతిథిని పిలిచి ఇదేం అపశకునపు ప్రశ్న అని. కసరకండి సార్, నన్ను పిలిచిందే దానికి. అమ్మాయ్, జవాబు విను. అరుస్తాం.

(గట్టిగా) బ్రేస్! బ్రేస్! హెడ్స్ డౌన్! స్టే డౌన్!

అంటే తల దించి, అలాగే బిగించి కూర్చోండి అని. చూశారా, నాలుగో వరసలో కునుకు తీస్తున్న పెద్దాయన కూడా సర్దుకొని కూర్చున్నారు. క్షమించండి పెద్దాయనా. కానీ ఆ కేక పని చేసిందా లేదా?

ప్రమాదం జరిగితే జనం గోలగోలగా తొక్కుకుంటారని సినిమాల్లో చూపిస్తారు. అసలు చిక్కు దానికి తిరగబడి ఉంటుంది. చాలామంది కదలరు. కూర్చున్నచోటే బిగుసుకుపోతారు. కొందరు బెల్టు తీయబోయి, కారులో లాగా నడుం పక్కన బటన్ కోసం తడుముకుంటారు. విమానం బెల్టుకు బటన్ ఉండదు, మూత ఎత్తాలి. అంత చిన్న సంగతి కూడా ఆ క్షణంలో తోచదు. అట్లా ఆగిపోయిన బుర్రను కదిలించేది వివరంగా చెప్పే మాట కాదు. రెండు ముక్కల కేక. "దయచేసి మీరంతా లేచి ఇటువైపు రాగలరా" అంటే ఎవరూ రారు. "బెల్టు తియ్! సంచీ వదిలెయ్! ఇటు రా!" అంటే వస్తారు. అక్కడ మర్యాద పనికిరాదు. అరవై ఏళ్ల పెద్దమనిషినైనా ఏకవచనంలోనే అరుస్తాం.

మాది బిట్రగుంట రైల్వే కాలనీ. నాన్న గూడ్స్ గార్డు. ఇంట్లో ఆడపిల్ల గొంతు వరండా దాటకూడదని పెంచారు. శిక్షణలో నా గొంతు విని మా మేడమ్ అంది, "నువ్వు ప్రయాణికులను కాపాడుతున్నావా, జోల పాడుతున్నావా?" అని. సెలవుకు ఇంటికొచ్చి డాబా మీద ప్రాక్టీసు చేశాను. రెండో రోజు సాయంత్రం పక్క క్వార్టర్ మామ కర్ర తీసుకొని పరుగెత్తుకొచ్చాడు, దొంగ పడ్డాడనుకొని. నాన్న మాత్రం నవ్వలేదు. ఆయన ఒకటే చెప్పాడు. "రైలు దారిలో ఆగిపోతే, ఎందుకాగిందా అని నేను ఆలోచించను. ముందు ఎర్రజెండా, పట్టాల మీద పెట్టే టపాకాయల్లాంటి డిటోనేటర్లు తీసుకొని వెనక్కి నడుస్తాను. వెనకొచ్చే బండిని ఆపడం నా పని. ఇంజను సంగతి డ్రైవర్ చూసుకుంటాడు." నేను ముప్పై ఏళ్లలో నేర్చుకున్నదంతా ఆ మాటలోనే ఉంది. ఇవాళ మీకు చెప్పబోయేదీ అదే. ఎవరి మొదటి పని ఏదో ముందే పంచి ఉంటుంది. భయం వేస్తుంది, వెయ్యదని నేను చెప్పను. కానీ భయం వేసినా చేతులకు పని ఉంటుంది.

ఇక్కడ యాభై దాటినవాళ్లు ఉన్నారు కదా. 1993 నవంబరు 15 గుర్తుందా? మద్రాసు నుంచి హైదరాబాద్ బయల్దేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్. హైదరాబాద్‌లో సరిగా కనిపించక దిగలేక మళ్లీ పైకి లేచింది. అప్పుడు రెక్కల వెనక పలకలు, ఫ్లాప్స్ అంటాం, అవి దించినవి దించినట్టే ఇరుక్కున్నాయి. ఫ్లాప్స్ దిగి ఉంటే గాలి వెనక్కి లాగుతూ ఉంటుంది. వేగం పెరగదు, ఆయిల్ మాత్రం తాగుతుంది. చీర కొంగు సైకిల్ చక్రంలో పడితే తొక్కినట్టు అనుకోండి. తిరిగి మద్రాసు చేరేంత ఇంధనం మిగల్లేదు. తిరుపతి దగ్గర వరి పొలాల్లో దించారు. లోపల 262 మంది. ఒక్క ప్రాణం పోలేదు. విమానం మాత్రం మళ్లీ ఎగరలేదు. నేను ఈ ఉద్యోగంలో చేరతానన్నప్పుడు మా అమ్మ భయపడింది, నాన్న ఆ పొలం సంగతే చెప్పి ఒప్పించాడు. విమానాన్ని వరిమడిలో దించినా బతికారు కదే అని.

పేపర్లు అన్నింటినీ క్రాష్ ల్యాండింగ్ అనేస్తాయి. మాకు రెండు రకాలు. ముందే తెలిసి దిగడం ఒకటి, తెలియకుండా వచ్చి పడడం ఇంకొకటి. మొదటిదాంట్లో టైం ఉంటుంది. 2024 అక్టోబరులో తిరుచిరాపల్లి నుంచి షార్జా బయల్దేరిన విమానం చూశారు కదా, 141 మంది ప్రయాణికులు, చక్రాల్లాంటివి కదిపే హైడ్రాలిక్ వ్యవస్థలో సమస్య. రెండు గంటలకు పైగా అక్కడక్కడే తిరిగింది. టీవీల్లో లైవ్ పెట్టి మనందరికీ టెన్షన్ ఎక్కించారు. అది తిరిగింది దారి తోచక కాదు. నిండా ఇంధనంతో దిగితే బరువెక్కువ, ప్రమాదం ఎక్కువ. ఆ సైజు విమానాలకు ఇంధనాన్ని గాల్లో వదిలేసే ఏర్పాటు ఉండదు. తిరిగి తిరిగి మండించడమే. ఆ తర్వాత మామూలుగానే దిగింది.

అలాంటప్పుడు కెప్టెన్ మా సీనియర్‌ను పిలిచి నాలుగే సంగతులు చెప్తాడు. ఏమైంది, ఏం చేయబోతున్నాం, ఎంత టైం ఉంది, ప్రత్యేకంగా చేయాల్సింది ఏమైనా ఉందా. మేం ఆ నాలుగూ తిరిగి ఆయనకే అప్పజెప్పాలి, ఎక్కాల్లాగా. వాచీలు కలుపుకుంటాం. ఆపదలో ఉన్నామని తెలియడానికి ఆయన కిందికి కంట్రోల్ టవర్‌కు మేడే మేడే మేడే అని మూడుసార్లు చెప్తాడు. టవర్ అడిగేవాటిలో ఒక మాట నాకు భలే ఇష్టం. ప్యాసింజర్లు ఎంతమంది అని అడగరు. సోల్స్ ఆన్ బోర్డ్, అంటే లోపల ప్రాణాలెన్ని అని. ఒడిలో పసిబిడ్డకు సీటు ఉండదు, మా సిబ్బందికి టికెట్టు ఉండదు. టికెట్లు లెక్కబెడితే వాళ్లు తప్పిపోతారు, ప్రాణాలు లెక్కబెడితే తప్పిపోరు. దాని వెంటే, ఇంధనం ఎంత మిగిలింది అని అడుగుతారు. కింద మంటలార్పేవాళ్లకు అది కావాలి.

నాకూ ఒకసారి అట్లాంటిది తగిలింది. సంస్థ పేరెందుకులెండి. తిరుపతి నుంచి హైదరాబాద్ సాయంత్రం ఫ్లైటు. ముక్కు చక్రం దిగి బిగుసుకుందని చెప్పే పచ్చలైటు వెలగలేదు. కెప్టెన్ పిలిచి నలభై నిమిషాలు అన్నాడు. నలభై నిమిషాలంటే మాకు పెళ్లి ముహూర్తమంత హడావుడి. ట్రాలీలు లోపల పెట్టి తాళం వేశాం. జేబుల్లో పెన్నులు, కొప్పులో పిన్నులు తీయించాం. హీల్స్ విప్పించాం, అవి తలుపు దగ్గర దిగడానికి వేసే గాలి జారుడుబల్లను చీలుస్తాయి. తలుపుల పక్కన కూర్చున్నవాళ్లను చూసి, గట్టిగా ఉన్న ఇద్దరు కుర్రాళ్లను తెచ్చి కూర్చోబెట్టాం. నేను దెబ్బతిని పడిపోతే ఈ తలుపు ఎట్లా తీయాలో వాళ్లకు చూపించాను. ఒంటరిగా వచ్చిన ముసలమ్మకు ఒక మనిషిని అప్పజెప్పాం. ఒక్కో వరస దగ్గరా ఆగి, పాదాలు నేలకు ఆనించి కొంచెం వెనక్కి లాక్కోండి, తల ముందు సీటుకు ఆనించండి అని చేయించి చూశాం. పాదాలు ముందుకు ఉంటే గుద్దుకున్నప్పుడు కాళ్లు సీటు కిందికి విసురుగా పోయి విరుగుతాయి. కాలు విరిగితే నడవలేరు. తల ముందే ఆనించి ఉంటే వెళ్లి కొట్టుకోవడానికి దూరమే ఉండదు.

పన్నెండో వరసలో ఒక ముసలి దంపతులు. ఒంగోలు వైపువాళ్లని మాటను బట్టే తెలిసింది. పెద్దాయన ఒళ్లో లడ్డూల సంచీ. అది పైన పెట్టాలి తాతా అంటే, "స్వామి ప్రసాదం తల్లీ, కింద పెట్టకూడదు" అంటాడు. కింద కాదు తాతా, మీ తలకన్నా పైనే పెడతాను అన్నాను. అప్పుడు ఇచ్చాడు. మరి దిగేటప్పుడు, అని భార్య అడిగింది. దిగేటప్పుడు స్వామే తెచ్చుకుంటాడమ్మా, మీరు మాత్రం రండి అన్నాను. ఆవిడకు నవ్వొచ్చింది. ఆ నవ్వుతో చుట్టూ మూడు వరసలు తేలికపడ్డాయి. చివరికి చక్రం బాగానే ఉంది, చెడింది లైటు. పక్కన ఎర్ర బండ్లు పరుగెడుతుండగా మామూలుగా దిగాం. మర్నాడు ఆఫీసులో నన్ను అడిగింది మాత్రం ట్రాలీలో శాండ్‌విచ్‌ల లెక్క ఎందుకు తేలలేదని. అది కూడా ఈ ఉద్యోగమే.

నవ్వుతున్నారు గానీ, సంచీ సంగతి చిన్నది కాదు. 2016 ఆగస్టు 3న తిరువనంతపురం నుంచి దుబాయ్ వెళ్లిన ఎమిరేట్స్ విమానం రన్‌వే మీద పొట్టతో జారి మంటలంటుకుంది. లోపల 300 మంది. బయటికి రండి అని సిబ్బంది అరుస్తుంటే కొందరు పైన అరలు తెరిచి పెట్టెలు లాగారు. ఫోన్లలో తీసిన వీడియో దేశమంతా చూసింది. 300 మందీ బతికారు. కానీ ఆ మంటలార్పడానికి వచ్చిన ఒక ఫైర్‌మ్యాన్ పేలుడులో చనిపోయాడు. గల్ఫ్‌లో కష్టపడి సంపాదించిన పాస్‌పోర్టు, బంగారం పెట్టెలో ఉంటే వదలబుద్ధి కాదు, నాకు తెలుసు. మన నెల్లూరు జిల్లా నుంచి కువైట్ వెళ్లేవాళ్లు ఎంతమంది లేరు! అందుకే చెప్తున్నా. పాస్‌పోర్టు, ఫోను చొక్కా జేబులో పెట్టుకోండి. విమానం లేచేటప్పుడు, దిగేటప్పుడు చెప్పులు విప్పకండి. ఇక పెట్టె గుర్తు రాదు.

ఎందుకంత తొందరంటే, లెక్క తొంభై సెకన్లు. 44 సీట్లకు మించిన ఏ విమానాన్నైనా అమ్మాలంటే, సగం తలుపులు మూసేసి, చీకట్లో, నిండా మనుషులను తొంభై సెకన్లలో దించి చూపించాలి. ఎయిర్‌బస్ ఎ380 రెండంతస్తుల విమానం. 2006లో జర్మనీలో పరీక్ష పెడితే 873 మంది 78 సెకన్లలో దిగారు. అది పరీక్ష కాబట్టి ఎవరి చేతిలోనూ పెట్టె లేదనుకోండి.

తొంభై సెకన్లే ఎందుకంటే, పొగ. మంట కన్నా ముందు పొగ వస్తుంది. 1985లో ఇంగ్లండులో మాంచెస్టర్ విమానాశ్రయంలో, ఇంకా నేల మీదే ఉన్న విమానంలో 55 మంది పోయారు, ఎక్కువమంది పొగకే. మీరిప్పుడు విమానంలో నేల వెంట చూసే లైట్ల వరస, తొందరగా అంటుకోని సీటు గుడ్డ, తలుపు దగ్గర కాస్త ఎక్కువ జాగా, ఇవన్నీ అలాంటి చావుల నుంచి నేర్చుకున్న పాఠాలే. కిటికీ తెర ఎత్తమని, సీటు నిటారుగా పెట్టమని సతాయిస్తామని మామీద విసుక్కుంటారు. తెర ఎత్తి ఉంటే ఏ పక్క మంట ఉందో మాకు కనబడుతుంది. రాత్రిపూట లేచేటప్పుడు, దిగేటప్పుడు లైట్లు తగ్గించేది మీరు నిద్రపోవడానికి కాదు, కళ్లు చీకటికి ముందే అలవాటు పడాలని.

మేం కూడా ఊరికే కూర్చోం. లేచేటప్పుడూ దిగేటప్పుడూ మా మడత సీటులో చేతులు తొడల కింద పెట్టుకొని, మౌనంగా, మనసులో ఒక జపం చేస్తాం. నా తలుపు ఏది, హ్యాండిల్ ఎటు తిరుగుతుంది, ముందు ఏమని అరవాలి, నా దగ్గర కూర్చున్నవాళ్లలో ఎవరు సాయం చేయగలరు. ప్రతిసారీ. రోజుకు నాలుగు ఫ్లైట్లుంటే ఎనిమిదిసార్లు. లేచిన మొదటి మూడు నిమిషాలు, దిగే ముందు ఎనిమిది నిమిషాలు మాతో కబుర్లు చెప్పబోకండి. నవ్వుతాం గానీ వినం.

2024 జనవరి 2, టోక్యో హనేడా. నేను ఉద్యోగం మానేశాక, ఇంట్లో టీవీ ముందు నిలబడి చూశాను, కూర్చోలేకపోయాను. జపాన్ ఎయిర్‌లైన్స్ ఎ350 విమానం దిగుతూ రన్‌వే మీదున్న కోస్ట్‌గార్డు చిన్న విమానాన్ని గుద్దింది. ఆ చిన్న విమానంలో అయిదుగురు పోయారు. పెద్దదాంట్లో 379 ప్రాణాలు. మైకు వ్యవస్థ చచ్చిపోయింది. మెగాఫోన్లు తీశారు, వాటితో పాటు ఉత్తి గొంతులు. ఎనిమిది తలుపులుంటే తెరిచింది మూడే. తక్కిన అయిదూ ఎందుకు తెరవలేదు? కిటికీలోంచి చూస్తే బయట మంట. తలుపు తెరవడం ఎంత శిక్షణో, తెరవకపోవడం అంతకన్నా పెద్ద శిక్షణ. పొగ నిండుతుంటే, "తలుపు తియ్యండి" అని పిల్లలు ఏడుస్తుంటే, హ్యాండిల్ మీద చెయ్యి వేసి తిప్పకుండా ఉండాలి. వెనక ఎడమ తలుపు దగ్గరున్న అమ్మాయికి కాక్‌పిట్ నుంచి మాట అందే దారి లేదు. తనే చూసి, తనే నిర్ణయించి తెరిచింది. కెప్టెన్ వరస వరసా వెతుక్కుంటూ అందరికన్నా చివర దిగాడు. 379 మందీ బతికారు. దాదాపు ఎవరి చేతిలోనూ పెట్టె లేదు.

దానికి ఎదురుగా ఇంకొకటి చెప్పి ఈ భాగం ముగిస్తాను, ఎక్కువ చెప్పలేను. 1980 ఆగస్టు, రియాద్. లోపల మంటలతో సౌదియా విమానం క్షేమంగా దిగింది. దిగినవెంటనే ఆగలేదు, రన్‌వే చివరిదాకా పోయింది. ఇంజన్లు ఆపడంలో ఆలస్యం, దిగిపొమ్మన్న ఆజ్ఞ రాలేదు, తలుపులు తెరుచుకోలేదు. 301 మందిలో ఒక్కరూ మిగల్లేదు. నేల మీదికి క్షేమంగా వచ్చాక పోయారు. ఇప్పుడు మా శిక్షణలో, కాక్‌పిట్ నుంచి మాట రాకపోయినా ప్రాణం మీదికొచ్చిందని నీ కళ్లకు కనబడితే నువ్వే మొదలుపెట్టు అని రాసి ఉందంటే, దాని వెనక అలాంటివి ఉన్నాయి.

సరే, కిందికి వద్దాం. నీళ్లు తాగుతానుండండి.

కృష్ణపట్నం రేవులో తుఫాను జెండాలు మీకు తెలుసు. మూడో నంబరంటే ఒక రకం, పదో నంబరంటే ఊరు ఖాళీ. విమానాశ్రయంలోనూ అట్లాగే మెట్లున్నాయి. చిన్న అనుమానముంటే లోకల్ స్టాండ్‌బై, బండ్లు సిద్ధంగా నిలబడతాయి. ప్రమాదం జరగొచ్చనుకుంటే ఫుల్ ఎమర్జెన్సీ. అప్పుడు ఊళ్లో ఆసుపత్రులు, పోలీసులు, బయటి ఫైరింజన్లు అందరికీ ఫోన్లు పోతాయి. మూడోది నిజంగా జరిగినప్పుడు. టవర్‌లో మనిషి క్రాష్ బెల్ నొక్కుతాడు, విమానాశ్రయం గళ్లగళ్ల మ్యాపులో ఏ గడిలో పడిందో చెప్తాడు. రన్‌వే ఏ మూలకైనా మూడు నిమిషాల్లోపు, వీలైతే రెండు నిమిషాల్లోనే మొదటి బండి చేరి నురగ చల్లడం మొదలుపెట్టాలి. అది ప్రపంచమంతటా ఉన్న నియమం. అందుకే ఆ బండ్లు అంత పెద్దవి, అందుకే వాళ్లు రోజూ పనేమీ లేనట్టు బండ్లు తుడుస్తూ కనిపిస్తారు. తొంభై సెకన్లకు, మూడు నిమిషాలకు మధ్య తేడా గమనించారా? కిందివాళ్లు వచ్చేలోపు పైవాళ్లు దించెయ్యాలి. సాయం వస్తుందని సీట్లో కూర్చోకూడదు.

సాయం చేసే చోట కూడా పొరపాట్లు జరుగుతాయి. 2013లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏషియానా విమానం ప్రమాదంలో నేల మీద పడి ఉన్న ఒక అమ్మాయిని నురగ కప్పేసింది. కనిపించక ఆమె మీదుగా ఫైర్ బండ్లు వెళ్లాయి. అందుకే జారుడుబల్ల దిగగానే మిమ్మల్ని దూరంగా, ఒకే చోటికి, గుంపుగా పొమ్మంటాం. దిగినవాళ్లు ఎటు పోయారో తెలియకపోతే తలలు లెక్కబెట్టడం కుదరదు. ఒక్క తల తగ్గినా, ఎవరో ఒక ఫైర్‌మ్యాన్ మళ్లీ ఆ మంటల్లోకి వెళ్లాలి.

2020 ఆగస్టు 7, కోళికోడ్ మీకు గుర్తుండే ఉంటుంది. కరోనా రోజులు, దుబాయ్ నుంచి మనవాళ్లను తెస్తున్న విమానం. వానలో గుట్టమీది రన్‌వే దాటి కింద పడి ముక్కలైంది. 190 మందిలో 21 మంది పోయారు, పైలట్లిద్దరూ అందులోనే ఉన్నారు. ముందుగా చేరిన వాళ్లలో ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఉన్నారు. కరోనా భయం పక్కన పెట్టి సొంత కార్లలో ఆసుపత్రులకు మోశారు. రక్తం ఇవ్వడానికి రాత్రంతా లైన్లో నిలబడ్డారు. వాళ్లకు దండం పెట్టాలి. మన దగ్గర అలాంటిది జరిగితే చేతులు కావాలి, ఫోన్లు కాదు. మెడకు దెబ్బ తగిలినవాళ్లను చేతులూ కాళ్లూ పట్టి ఎత్తకండి. అంబులెన్సు దారికి మీ బండి అడ్డం పెట్టకండి. విమానం ముక్క ఒక్కటి కూడా ముట్టుకోకండి, దర్యాప్తుకు ప్రతి ముక్కా ఎక్కడ పడిందో కావాలి.

రిహార్సల్ ఎంత పనికొస్తుందో తెలియాలంటే అమెరికాలో సూ సిటీ అనే చిన్న ఊరు. పెద్ద విమానం పడిపోయిందనుకొని 1987లో డ్రిల్ చేశారు. ఇంత చిన్న విమానాశ్రయంలో ఎందుకీ నాటకం అనుకున్నవాళ్లు ఉండే ఉంటారు. 1989 జులైలో నిజంగానే, నియంత్రణలన్నీ పోయిన డీసీ-10 అనే పెద్ద విమానం అక్కడికే వచ్చింది. 296 మందిలో 184 మంది బతికారు. ఇప్పుడు ప్రతి పెద్ద విమానాశ్రయంలోనూ రెండేళ్లకోసారైనా పూర్తి డ్రిల్ చేయాలి. దెబ్బతిన్నవాళ్లకు దెబ్బల తీవ్రతను బట్టి ఎర్ర, పసుపు, ఆకుపచ్చ, నల్ల చీటీలు కడతారు. ఎర్రది వెంటనే తీసుకుపోవాల్సినవాళ్లకు. నల్లది ఎవరికో చెప్పక్కర్లేదు. డ్రిల్‌లో దెబ్బతిన్నవాళ్లుగా నటించడానికి కాలేజీ పిల్లలను పిలుస్తుంటారు. పిలిస్తే వెళ్లండి, ఎర్ర రంగు పూసి పంపిస్తారు, అమ్మ చూసి భయపడుతుంది, అంతే.

ఇక ఎవరికీ తెలియని భాగం, కౌంటర్ దగ్గర. టీవీలో స్క్రోలింగ్ రాగానే అయినవాళ్లు వస్తారు. మొదట ఎవరి దగ్గరికి వస్తారు? నిన్నటిదాకా బరువు పదిహేను కిలోలే అని మీతో పోట్లాడిన ఆ చెక్-ఇన్ అమ్మాయి దగ్గరికి. మావాళ్లలో టికెట్ కౌంటర్, అకౌంట్స్, లగేజీ విభాగం, ఎక్కడెక్కడివాళ్లో ముందే పేరిచ్చి శిక్షణ తీసుకొని ఉంటారు, కేర్ టీమ్ అంటారు. ఒక్కో కుటుంబానికి ఒక మనిషి. విమానం లోపల మా పని అరవడమైతే, ఇక్కడ పని గొంతు తగ్గించడం. తెలియనిది చెప్పకూడదు. "ఏం కాదులే" అనకూడదు. "దేవుడున్నాడు" అనకూడదు. తెలిసింది తెలిసినప్పుడే, టీవీ కన్నా ముందు చెప్పాలి. పోయినవాళ్లను బాడీ అనకూడదు, పేరుతో అనాలి.

పేరు దగ్గరే మన తెలుగువాళ్లకు అసలు చిక్కు. నా స్నేహితుడొకడు, నెల్లూరువాడే, చెన్నైలో గ్రౌండ్ డ్యూటీ. ఎమర్జెన్సీ డ్రిల్‌లో జాబితా పట్టుకొని చెప్తాడు. లోపల ఇద్దరు పెంచలయ్యలు, ఒక మాలకొండయ్య. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు, టికెట్‌లో వెనక. ఇంటి దగ్గర నుంచి వచ్చిన ఆవిడ అడిగేది "మా చిన్నోడు" అని. ఏ పెంచలయ్య అమ్మా అంటే తండ్రిపేరు చెప్తుంది, జాబితాలో తండ్రిపేరు ఉండదు. తప్పు పెంచలయ్య ఇంట్లో ఏడుపు మొదలైతే దాన్ని వెనక్కి తీసుకోలేం. అందుకే జాబితాకు తాళం వేసి, ఒక్కో పేరూ పుట్టినతేదీతో, ఫోన్ నంబరుతో సరిచూశాకే పలుకుతారు. బయట జనం "దాస్తున్నారు" అని తిడతారు. 2025 జూన్‌లో అహ్మదాబాద్ విమాన ప్రమాదం తర్వాత డీఎన్‌ఏ పరీక్షల కోసం కుటుంబాలు రోజుల తరబడి ఎదురుచూశాయి. ఆ ఆలస్యంలో నిర్లక్ష్యం కన్నా ఆ భయమే ఎక్కువని నా నమ్మకం. మీరు ఒప్పుకోకపోవచ్చు. నా స్నేహితుడు ఇంకో మాట కూడా అన్నాడు. ఆ డ్యూటీలో అన్నిటికన్నా పనికొచ్చింది ఫోన్ ఛార్జర్లట.

ప్రశ్నలుంటే అడగండి, అయిదు నిమిషాలు.

ఏ సీటు మంచిదా? ఈ ప్రశ్న ఎక్కడికి పోయినా వస్తుంది. 2024 డిసెంబరులో కొరియాలో ముయాన్ దగ్గర విమాన ప్రమాదంలో 181 మందిలో మిగిలిన ఇద్దరూ తోక వైపు కూర్చున్న సిబ్బంది. ఆరు నెలల తర్వాత అహ్మదాబాద్‌లో 242 మందిలో మిగిలిన ఒక్కడూ ముందువైపు 11ఎ సీటువాడు. ఇప్పుడు చెప్పండి. నేనైతే కూర్చోగానే, తలుపుదాకా ఎన్ని సీట్లున్నాయో చేత్తో తాకుతూ లెక్కబెట్టుకుంటాను. పొగలో కళ్లు పనిచెయ్యవు, వేళ్లు పనిచేస్తాయి.

కొరిశపాడు హైవే సంగతి అడుగుతున్నారు. అవును, కొరిశపాడు, రేణంగివరం మధ్య జాతీయ రహదారి మీద అత్యవసరంగా విమానాలు దిగడానికి 4.1 కిలోమీటర్ల స్ట్రిప్ ఉంది. 2024 మార్చిలో వైమానిక దళం రవాణా విమానాలు అక్కడ దిగాయి కూడా. అది వాళ్ల అవసరాలకు. మన ప్యాసింజర్ విమానానికి ఆపదొస్తే పైలట్ చూసేది ఫైర్ బండ్లు, ఆసుపత్రులు ఉన్న విమానాశ్రయం వైపే. రోడ్డు ఎంత నున్నగా ఉన్నా పక్కన నురగ చల్లేవాడు లేకపోతే ఏం లాభం?

బస్సుల గురించి అడిగిన అమ్మకు ఏం చెప్పాలో నాకూ తెలియడం లేదు. 2013లో పాలెం దగ్గర బస్సు తగలబడి 45 మంది పోయారు. 2025 అక్టోబరులో కర్నూలు దగ్గర చిన్నటేకూరులో మళ్లీ అలాగే బస్సు తగలబడింది. నేను నెల్లూరు నుంచి రాత్రి స్లీపర్ బస్సెక్కితే అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడుందని డ్రైవర్‌ను అడుగుతాను. మొన్న ఒకాయన "మేడమ్, అది ఎవరో పట్టుకుపోయారు" అన్నాడు. దిగి వేరే బస్సెక్కాను.

ఆఖరిది, మెట్ల దగ్గర అడిగిన అమ్మాయే. అట్లా అరవడానికి సిగ్గనిపించదా అంటోంది. మొదట అనిపిస్తుంది. ఇట్లా రా, స్టేజీ ఎక్కు. మైకు వద్దు. చేతులు ఇట్లా పెట్టు. ఆ చివరి వరసలో తాతకు వినబడాలి. ఏమనాలి? "బెల్టు తియ్, సంచీ వదిలెయ్, ఇటు రా." అను.

ఊహూ, జోల పాడుతున్నావు. ఇంకోసారి.

ఇంకా. కడుపులోంచి.

అదీ! (తలుపు తెరుచుకుంది.) ఏమీ లేదయ్యా వాచ్‌మన్, కర్ర పక్కన పెట్టు.